ఊరి బ్యాంకు అచ్చేసిన నోటు

ఐదు వందల రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకానికి పైన ఒక హామీ ఉంటుంది. ఈ నోటు తెచ్చినవారికి ఐదు వందల రూపాయలు చెల్లిస్తాను అని దాని సారాంశం. నోటు తీసుకెళ్లి అడిగితే ఇచ్చేదేమిటి? మరో ఐదు వందల నోటు, లేదా చిల్లర. ఈ వాక్యం ఇప్పుడు ఆచారంగా మిగిలిపోయింది కానీ, పుట్టినప్పుడు అది అక్షరాలా నిజమైన మాట. చెల్లించాల్సింది బంగారం. చెల్లించాల్సినవాడు కౌంటరు వెనక కూర్చున్న మనిషి. చాలాచోట్ల అతను ఊళ్లో అందరికీ తెలిసినవాడే.

అలాంటి మనుషుల్లో ఒకరు థామస్ ఫాక్స్. నైరుతి ఇంగ్లండులోని సోమర్సెట్ జిల్లాలో, బ్లాక్‌డౌన్ కొండల పాదాన వెల్లింగ్టన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ టోన్ నది నీటి మీద ఆధారపడి ఉన్ని బట్టలు నేయించే కుటుంబం ఫాక్స్‌లది. వాళ్లు క్వేకర్ మతస్థులు. 1787లో బట్టల వ్యాపారానికి అనుబంధంగా ఒక బ్యాంకు తెరిచారు. తరువాతి కాలంలో దాని పేరు ఫాక్స్, ఫౌలర్ అండ్ కంపెనీ. 1921లో లాయిడ్స్ బ్యాంకులో కలిసిపోయే దాకా అది సొంత నోట్లు జారీ చేసుకునే హక్కును నిలబెట్టుకుంది. ఇంగ్లండులో ఆ హక్కు ఉన్న చిట్టచివరి ప్రైవేటు బ్యాంకు అదే.

ఉన్ని మిల్లు యజమానికి నోట్లు అచ్చేయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దేశంలో డబ్బు లేక కాదు, చేతికి అందే డబ్బు లేక. పద్దెనిమిదో శతాబ్దం చివర బ్రిటన్ టంకశాల చిన్న నాణేలను దాదాపు వదిలేసింది. వెండి నాణేలు అరిగిపోయాయి, రాగి నాణేల్లో సగానికి సగం దొంగవి. ఫాక్స్ బ్యాంకు తెరిచిన 1787లోనే వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో పారిస్ గని యజమానులు తమ రాగితో తామే పెన్నీ బిళ్లలు ముద్రింపజేసి కూలీలకు ఇవ్వడం మొదలుపెట్టారు. కూలీలకు బిళ్లలు, వర్తకులకు కాగితాలు. రెండూ ఒకే లోటును పూడ్చడానికి వచ్చినవే. 1777 నుంచి ఇంగ్లండులో ఐదు పౌన్ల లోపు నోటు జారీ చేయకూడదన్న చట్టం ఉండేది. మగ్గం మీద పనిచేసే మనిషి వారం కూలి ఒక్క పౌను కూడా ఉండేది కాదు. కాబట్టి తొలినాళ్ల ఊరి నోటు సామాన్యుడి జేబులోకి వచ్చింది కాదు, ఉన్ని కొనేవారికీ అమ్మేవారికీ మధ్య తిరిగింది.

ఈ నాణేల కథలో మన తీరానికి కూడా ఒక పాయ వచ్చింది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని అమ్మిన మాథ్యూ బౌల్టన్ బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో ఆవిరితో నడిచే నాణేల ముద్రణ యంత్రాలు పెట్టాడు. ప్రతి నాణెం ఒకే గుండ్రన, ఒకే మందం, ఒకే అంచు. చేత్తో సుత్తి కొట్టి నకలు చేసేవాడికి అది అందని పని. 1794లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్ర జిల్లాల కోసం, రూపాయికి 48 వచ్చే రాగి నాణేలను సోహోలోనే చేయించింది. ఇంగ్లండు తన సొంత కూలీలకు బౌల్టన్ పెన్నీలు ఇచ్చింది ఆ తరువాతే, 1797లో.

ఆరుగురు, వాళ్ల ఇళ్లు

1708 నాటి చట్టం ప్రకారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తప్ప, ఆరుగురికి మించి భాగస్తులున్న ఏ బ్యాంకూ ఇంగ్లండులో నోట్లు జారీ చేయకూడదు. లండన్ బ్యాంకుకు పోటీ రాకూడదని పెట్టిన నిబంధన అది. ఫలితంగా దేశమంతా చిన్న చిన్న బ్యాంకులు మొలిచాయి. 1750 ప్రాంతంలో లండన్ బయట పట్టుమని పన్నెండు కూడా లేనివి, 1810 నాటికి ఏడు వందలు దాటాయి. పరిమిత బాధ్యత అనే మాట అప్పటికి వాటికి లేదు. బ్యాంకు మునిగితే భాగస్తుల మిల్లు, ఇల్లు, పొలం అన్నీ అప్పులవాళ్లవే. నోటు వెనక ఉన్న అసలు పూచీ బంగారం కన్నా ఇదే. వెల్లింగ్టన్‌లో ఫాక్స్ నోటు పుచ్చుకున్న రైతుకు ఆ మిల్లు కిటికీలోంచి కనిపిస్తుంది.

భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇక్కడ ఆసక్తి కలిగించే విషయం నోటు ప్రయాణం. ఊరి నోటు ఎక్కువ దూరం పోదు, ఎక్కువ కాలం బయట ఉండదు. చుట్టుపక్కల సంతల్లో తిరిగి కొద్ది వారాల్లో పుట్టింటికి చేరుతుంది. పక్క ఊరి బ్యాంకులు ఒకరి నోట్లు ఒకరు పోగుచేసి మార్చుకునేవారు. నోటు మీద నంబరు, తేదీ, సంతకం చేతిరాత. ఆ నంబరు లెడ్జరులో ఉంటుంది. తిరిగొచ్చిన నోటును చూసేది దాన్ని రాసిన గుమాస్తాయే. దొంగ నోటుకు ఇంత చిన్న వలయంలో ఆయుష్షు తక్కువ. దూరం పంపాల్సి వస్తే నోటును రెండు ముక్కలుగా కత్తిరించి ఒక సగం ఈ టపాలో, మరో సగం తరువాతి టపాలో పంపేవారు. దారి దోపిడీ దొంగకు ఒక సగం దొరికినా పనికిరాదు.

అదే నోటు దేశమంతా తిరిగేదైతే కథ వేరు. ఆ తేడా 1797లో బయటపడింది.

ఉరికంబం నీడలో ఒక కమిషన్

1797 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైనికులు వేల్స్ తీరంలో దిగారన్న వార్తతో జనం బంగారం కోసం ఎగబడ్డారు. నోట్లకు బంగారం ఇవ్వడం ఆపమని ప్రభుత్వం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను ఆదేశించింది. ఆ నిలుపుదల 1821 దాకా సాగింది. చిల్లర కరువు తీర్చడానికి ఒకటి, రెండు పౌన్ల నోట్లు వచ్చాయి. ఊరి బ్యాంకులకూ చిన్న నోట్ల అనుమతి దొరికింది. నోటు అంటే ఏమిటో అంతకు ముందు చూడని లక్షల మంది చేతుల్లోకి ఒక్కసారిగా కాగితం వచ్చి పడింది. వాళ్లలో చదవడం రానివాళ్లు చాలామంది.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు చూడటానికి సాదా వస్తువు. తెల్ల కాగితం, ఒకవైపే నల్ల సిరా, రాగి పలక మీద చెక్కిన అక్షరాలు. వాటర్‌మార్క్ ఉన్న కాగితం ఒక్కటే చెప్పుకోదగ్గ అడ్డంకి. మామూలు చెక్కుడు పనివాడు కూడా దానికి నకలు తీయగలడు. తీశారు కూడా, వేల సంఖ్యలో. అప్పటి చట్టంలో దొంగ నోటు చేయడానికీ, తెలిసి చలామణి చేయడానికీ శిక్ష ఒక్కటే, ఉరి. దొంగ నోటని తెలిసి దగ్గర ఉంచుకుంటే 14 ఏళ్ల ద్వీపాంతరం. 1797 నుంచి 1821 లోపు ఈ నేరానికి మూడు వందల మందికి పైగా ఉరికంబం ఎక్కారు. చెక్కిన నేర్పరులు చాలావరకు దొరకలేదు. దొరికింది సంతలో మార్చబోయిన పేదలు. హారియట్ స్కెల్టన్ అనే మహిళను 1818లో లండన్‌లో ఉరితీశారు. జైళ్ల సంస్కరణ కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై ఆమె కోసం ఎంత వేడుకున్నా ఫలితం లేకపోయింది. ఫ్రై కూడా క్వేకరే, బ్యాంకుల కుటుంబంలో పుట్టి బ్యాంకుల కుటుంబంలో మెట్టిన మనిషి. 1828లో ఆమె భర్త బ్యాంకు దివాలా తీసింది. 2002లో ఇదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన ఐదు పౌన్ల నోటు మీద ఆమె బొమ్మ వేసింది. హారియట్ స్కెల్టన్ బొమ్మ ఎక్కడా లేదు.

జ్యూరీలకు మనసొప్పడం మానేసింది. నకిలీ చేయలేని నోటు తయారు చేయడం బ్యాంకు బాధ్యత కాదా అన్న ప్రశ్న వీధుల్లోకి వచ్చింది. 1818లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అందులో ఎవరున్నారో చూస్తే సైన్సు పాఠ్యపుస్తకం విషయసూచికలా ఉంటుంది. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్, పల్లాడియం, రోడియం మూలకాలను కనిపెట్టిన విలియం వొలాస్టన్, నయోబియం కనిపెట్టిన చార్లెస్ హాచెట్. ఈ హాచెట్ అంతకుముందు హెన్రీ కావెండిష్‌తో కలిసి, బంగారు నాణేలు జేబుల్లో ఒకదానికొకటి రాసుకుని ఎంత అరుగుతాయో యంత్రం పెట్టి కొలిచిన మనిషి. నాలుగో పేరు మనకు బాగా తెలిసింది, విలియం కాంగ్రీవ్. 1799లో శ్రీరంగపట్నంలో చిక్కిన టిప్పు సుల్తాన్ రాకెట్లను అధ్యయనం చేసి బ్రిటిష్ సైన్యానికి రాకెట్లు తయారు చేసిన కాంగ్రీవే ఇతను.

వందకు పైగా ప్రతిపాదనలు వాళ్ల ముందుకు వచ్చాయి. కాంగ్రీవ్ తానే ఒక పద్ధతి తెచ్చాడు. ఒకదానిలో ఒకటి అతుక్కునే రెండు లోహపు పలకలు చేసి, విడివిడిగా రెండు రంగుల సిరా పూసి, తిరిగి కలిపి ఒకే దెబ్బకు అచ్చేయడం. రెండు రంగుల గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. రెండుసార్లు అచ్చేసే దొంగకు ఆ కలయిక కుదరదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దీన్ని తీసుకోలేదు. కానీ ఊరి బ్యాంకుల నోట్ల వెనక వేసే పన్ను ముద్రలకు ఈ పద్ధతే వాడారు.

మెత్తని ఉక్కు, గట్టి ఉక్కు

ఈ పోటీకి అమెరికా నుంచి ఓడెక్కి వచ్చినవాడు జేకబ్ పెర్కిన్స్. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ అనే రేవు పట్టణంవాడు. అక్కడ కూడా ఊరికో బ్యాంకు, బ్యాంకుకో నోటు. అతని చేతిలో ఉన్నది లోహశాస్త్రానికి సంబంధించిన ఒక కిటుకు.

రాగి మెత్తన. చెక్కడం తేలిక, కానీ కొన్ని వేల ముద్రలకే గీతలు అరిగిపోతాయి. మళ్లీ చెక్కాలి, అప్పుడు కొత్త పలక పాతదానిలా ఉండదు. అసలు నోట్లే ఒకదానికొకటి పోలకపోతే దొంగ నోటును గుర్తుపట్టేది ఎలా? పెర్కిన్స్ ఉక్కు పలకను వేడిచేసి ఉపరితలం నుంచి కార్బన్‌ను తగ్గించాడు. కార్బన్ తగ్గిన ఉక్కు చెక్కడానికి అనువుగా మెత్తబడుతుంది. దానిమీద బొమ్మ చెక్కాక మళ్లీ కార్బన్ ఎక్కించి, కాల్చి, చల్లార్చి గట్టిపరిచాడు. ఇప్పుడు ఆ గట్టి పలక మీద మెత్తని ఉక్కు రోలరును విపరీతమైన ఒత్తిడితో దొర్లిస్తే పలకలోని గుంటలు రోలరు మీద గట్లుగా లేస్తాయి. ఆ రోలరును గట్టిపరిచి మరో మెత్తని పలక మీద దొర్లిస్తే మొదటి పలకకు అచ్చమైన జంట తయారు. ఇలా ఎన్ని పలకలైనా తీయవచ్చు. గీతలో తేడా రాదు.

దీనికి తోడు రేఖాగణిత లేత్. తిరిగే చక్రం మీద తిరిగే మరో చక్రం, దానికి ఒక సూది. పిల్లలు ప్లాస్టిక్ చక్రాల్లో పెన్ను పెట్టి గీసే పువ్వుల బొమ్మలు గుర్తున్నాయా? సూత్రం అదే. చక్రాల పళ్ల నిష్పత్తి, సూది దూరం, మొదలుపెట్టే కోణం మారిస్తే వలలాంటి కొత్త అల్లిక పుడుతుంది. ఐదు అమరికలున్న యంత్రంలో ఒక్కోదానికి వంద స్థానాలుంటే వెయ్యి కోట్ల రకాల అల్లికలు వస్తాయి. అమరిక తెలిసిన యంత్రానికి అది నిమిషాల పని. కంటితో చూసి చేత్తో గీయాలనుకున్నవాడికి జన్మలు చాలవు. ఇప్పటి మన నోట్ల మీద, డిగ్రీ సర్టిఫికెట్ల అంచుల్లో కనిపించే సన్నటి అల్లికలన్నీ ఆ లేత్‌కు వారసులే.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెర్కిన్స్‌ను కూడా కాదంది. బ్యాంకు చెక్కుడు పనివాళ్లు అతని నమూనాకు నకలు తీసి చూపించారు. నోటును పరిశీలించే జనం కన్ను భూతద్దం కాదు కదా, దూరం నుంచి అలాగే కనిపిస్తే చాలు అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. అయితే సొంత నోటు బాగుండాలన్న పట్టుదలలో ఊరి బ్యాంకులు ముందున్నాయి. పెర్కిన్స్ లండన్‌లోనే స్థిరపడి వాళ్లకు నోట్లు అచ్చేసి బతికాడు. 1840లో ప్రపంచపు మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్‌ను ముద్రించింది అతను నెలకొల్పిన సంస్థే. ఇంకొకటి కూడా చెప్పాలి. ద్రవాన్ని ఆవిరిచేసి, ఆ ఆవిరిని అదిమి తిరిగి ద్రవంగా మార్చే చల్లదనపు యంత్రానికి 1834లో పేటెంటు తీసుకున్నదీ ఈ పెర్కిన్సే. వంటింట్లో ఫ్రిజ్ పనిచేసేది ఆ చక్రంతోనే.

1830లో ఒక విచిత్రం జరిగింది. దొంగ నోట్ల నేరానికి ఉరి తీసేయండి అని పార్లమెంటుకు ఒక వినతి వెళ్లింది. రాసింది దయాహృదయులైన మతగురువులు కాదు, బ్యాంకర్లు, రెండు వందలకు పైగా పట్టణాల నుంచి. శిక్ష మరీ ఘోరమైతే జ్యూరీ నేరాన్నే ఒప్పుకోదు, దాంతో దొంగలు తప్పించుకుంటున్నారు, మా ఆస్తికి రక్షణ లేదు అన్నది వాళ్ల లెక్క. 1829 డిసెంబరులో జరిగిందే ఆ నేరానికి చివరి ఉరి. 1837కల్లా ఆ శిక్షే చట్టంలోంచి పోయింది.

మేలిమి నోటు ఉన్నా మునిగిన బ్యాంకులు

దొంగ నోటు ఒక గండం. అసలు నోటే వట్టి కాగితమవడం రెండోది, పెద్దది. వంద పౌన్ల నోట్లు జారీ చేసిన బ్యాంకు పెట్టెలో ముప్పై పౌన్ల బంగారం ఉందనుకుందాం. మిగతా డెబ్బై ఉన్ని వర్తకులకిచ్చిన మంచి అప్పులే. రోజుకు ఇద్దరు ముగ్గురు బంగారం అడిగినంత కాలం చింత లేదు. ముప్పై ఒకటో పౌను అడిగే మనిషికి మాత్రం ఇవ్వడానికేమీ లేదు. కాబట్టి తెలివైనవాడు ముప్పైలోపే ఉండాలనుకుంటాడు. అందరూ తెలివైనవాళ్లే అయితే ఆరోగ్యంగా ఉన్న బ్యాంకు కూడా మధ్యాహ్నానికి మూతపడుతుంది. వదంతి నిజమా కాదా అన్నదాంతో పనిలేదు, ఇతరులు నమ్ముతారా లేదా అన్నదే లెక్క. దీన్ని డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్‌విగ్ 1983లో గణితరూపంలో చూపారు. 2022లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరున్నారు.

1825 డిసెంబరులో ఇంగ్లండు ఈ ప్రయోగాన్ని నిజంగానే చేసి చూసింది. పోల్, థార్న్‌టన్ అనే లండన్ సంస్థ కూలింది. డజన్ల కొద్దీ ఊరి బ్యాంకులు తమ నిల్వలను అక్కడే పెట్టుకునేవి. ఊరు ఊరికి దూరంగా, స్వతంత్రంగా ఉన్నట్టు కనిపించిన బ్యాంకులు అడుగున ఒకే తీగకు కట్టి ఉన్నాయని అప్పుడు తెలిసింది. అరవైకి పైగా బ్యాంకులు మూతపడ్డాయి. ఒకవైపు బంగారం అడుగంటుతుంటే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గర వాడకుండా మిగిలిన పాత ఒక పౌను నోట్లను బయటికి తీసి ఇచ్చి గండం గట్టెక్కింది. జనానికి కావలసింది బంగారం కాదు, తీసుకుంటారన్న నమ్మకం ఉన్న కాగితం.

వెల్లింగ్టన్ బ్యాంకు నిలబడింది. మరుసటి ఏడాది చట్టం ఐదు పౌన్ల లోపు నోట్లను మళ్లీ నిషేధించింది. 1844లో ప్రధాని రాబర్ట్ పీల్ అసలు తలుపే మూసేశాడు. ఇకమీదట కొత్తగా ఏ బ్యాంకూ నోట్లు జారీ చేయకూడదు. అప్పటికే చేస్తున్న 279 బ్యాంకులు కొనసాగవచ్చు, కానీ అప్పటి సగటుకు మించి ఒక్క నోటు కూడా పెంచకూడదు. మరో బ్యాంకులో కలిసినా, దివాలా తీసినా, భాగస్తులు ఆరుగురికి మించినా హక్కు పోతుంది, తిరిగిరాదు. రేడియోధార్మిక పదార్థంలాగా తగ్గడమే తప్ప పెరగడం లేని ఏర్పాటు. అయితే అణువులు ఒకదాన్ని చూసి ఒకటి విచ్ఛిన్నం కావు, బ్యాంకులు అవుతాయి. 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలినప్పుడు అపరిమిత బాధ్యత కింద 1,819 మంది వాటాదార్లలో 254 మంది మాత్రమే ఆస్తులతో మిగిలారు. అది చూశాక పెద్ద కంపెనీ నీడలోకి వెళ్లడమే క్షేమమని చాలా కుటుంబాలకు అనిపించింది. 1896లో ఇరవై ప్రైవేటు బ్యాంకులు ఒక్కటై బార్‌క్లేస్ అయ్యాయి.

ఫాక్స్ కుటుంబం ఎదురు దిశలో నడిచింది. 1879 తరువాత బ్యాంకును పెంచుకుంటూ పోయి దక్షిణ ఇంగ్లండులో 55 శాఖల దాకా తెరిచింది. ఉన్ని మిల్లు కూడా బాగానే నడిచింది. సైనికులు పిక్కలకు చుట్టుకునే బట్టను తయారు చేయడంలో వాళ్లది పెద్ద పేరు. ఇంగ్లీషులో ఆ బట్టకున్న ‘పటీ’ అనే పేరు మన ‘పట్టీ’ నుంచి వెళ్లిందే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1921లో, బ్యాంకు లాయిడ్స్‌లో కలిసింది. 1844 చట్టం ప్రకారం ఆ రోజుతో నోట్ల హక్కు ఆరిపోయింది.

కాకినాడ నోట్లు

పీల్ ఆలోచన ఓడెక్కి మన దేశానికీ వచ్చింది. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు అప్పటిదాకా తమ నోట్లు తామే జారీ చేసుకునేవి. 1861 నాటి కాగితపు కరెన్సీ చట్టం ఆ హక్కును ప్రభుత్వానికి బదిలీ చేసింది. అయితే దేశమంతటా ఒకే నోటు వెంటనే రాలేదు. దేశాన్ని కరెన్సీ వలయాలుగా విభజించారు. ఒక వలయంలో జారీ అయిన నోటుకు మరో వలయంలో చెల్లుబాటు లేదు. మద్రాసు వలయం కింద ఉన్న ఉప వలయాల్లో కాకినాడ ఒకటి. అప్పటి ఇంగ్లీషు రాతలో కొకనాడ. ఇంగ్లండులో తయారైన కాగితం మీద ఒకవైపే అచ్చేసి, ఊరి పేరు ముద్రించిన ఆ నోట్లు ఇప్పుడు పాత నోట్లు సేకరించేవాళ్ల కలల్లో ఉంటాయి. వీటినీ టపాలో సగం సగంగా కత్తిరించి పంపేవారు. వలయాల గీతలు చెరగడం 1903లో ఐదు రూపాయల నోటుతో మొదలైంది. ఇవాళ రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షన్ ప్రకారం, తెచ్చినవారికి అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన కాగితాన్ని రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం తప్ప మరెవరు జారీ చేసినా నేరం.

బ్రిటన్‌లో మాత్రం ఈ ఆచారం పూర్తిగా పోలేదు. స్కాట్లండులో మూడు, ఉత్తర ఐర్లండులో మూడు వాణిజ్య బ్యాంకులకు ఆ హక్కు ఇంకా ఉంది. 2004 డిసెంబరులో బెల్‌ఫాస్ట్‌లోని నార్తర్న్ బ్యాంకులో 2.65 కోట్ల పౌన్ల దోపిడీ జరిగింది. వాటిలో చాలావరకు ఆ బ్యాంకు సొంత నోట్లే. కొద్ది నెలల్లో ఆ బ్యాంకు తన పాత నోట్లను వెనక్కి పిలిచి కొత్త రంగుల్లో అచ్చేసింది. దొంగల దగ్గరున్న కట్టలు మార్చుకోలేని కాగితమయ్యాయి. 2016 నవంబరు చూసిన మనకు ఆ పద్ధతి గురించి వేరే చెప్పనక్కర్లేదు, కాకపోతే అక్కడ వరసలో నిలబడాల్సింది ఒక చిన్న ప్రాంతం.

ఈ బ్యాంకుల నోట్ల వెనక ఇప్పుడు మిల్లు గాని, భాగస్తుల ఇళ్లు గాని లేవు. జారీ చేసిన నోట్లకు సమానమైన ఆస్తిని చూపించాలన్నది చట్టం. అందులో ఎక్కువ భాగం కోసం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రత్యేకంగా రెండు రకాల నోట్లు ముద్రిస్తుంది. పది లక్షల పౌన్ల నోటు పేరు జెయింట్, పది కోట్ల పౌన్ల నోటు పేరు టైటాన్. టైటాన్ మామూలు ఏ4 కాగితమంత ఉంటుంది. దాన్ని ఎవరూ ఖర్చు పెట్టరు. ఖజానాలో ఉండటమే దాని పని.